పట్టా ఉంది, క్రెడిట్లే చాలవట!

"మా అమ్మాయి బి.కాం. ఫస్టుక్లాసులో పాసయింది. పెళ్ళయి అమెరికాలో ఒహాయో రాష్ట్రం వెళ్ళింది. అల్లుడిది హెచ్-1 వీసా, దీనిది హెచ్-4. అక్కడ సి.పి.ఎ. చేద్దామంటే 'నీకు 90 క్రెడిట్లే ఉన్నాయి, 150 కావాలి' అన్నారట. మళ్ళీ యూనివర్సిటీలో చేరి మాస్టర్స్ చేస్తానంటోంది. దానికోసం ఇంటి స్థలం అమ్మమంటారా?" అని అనకాపల్లి నుంచి ఒక సోదరి రాశారు.

తొందరపడకండమ్మా. స్థలం ఎక్కడికీ పోదు. ముందు ఈ లెక్కేమిటో చూద్దాం.

సి.పి.ఎ. అంటే మన సి.ఎ. లాంటిదే. అయితే మనకి దేశమంతటికీ ఒకే ఇన్‌స్టిట్యూట్. అక్కడ పరీక్ష అందరికీ ఒకటే గానీ, లైసెన్సు ఇచ్చేది ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రపు అకౌంటెన్సీ బోర్డు. పరీక్షలో నాలుగు పేపర్లు, ఒక్కోదానిలో 75 రావాలి. అది చదివి గట్టెక్కే పని. చాలామంది మన పిల్లలు ఆగిపోయేది అంతకు ముందున్న క్రెడిట్ల దగ్గరే.

వారానికి ఒక గంట చొప్పున ఒక సెమిస్టరంతా పాఠం వింటే సుమారుగా ఒక క్రెడిట్ అన్నమాట. మామూలుగా ఒక సబ్జెక్టుకి మూడు. ఏడాదికి 30, నాలుగేళ్ళ డిగ్రీకి 120. మన బి.కాం. మూడేళ్ళే కనుక చాలాచోట్ల 90గా కడతారు. పిల్లకి ఫస్టుక్లాసు వచ్చిందా, థర్డుక్లాసా అన్నది కాదు, ఏళ్ళలో వచ్చిన తేడా ఇది. ఎం.కాం. కూడా పూర్తిచేసిన వాళ్ళకి ఆ రెండేళ్ళూ కలిసి 150కి చేరే అవకాశం ఉంటుంది.

ఈ 150 నియమం మొదట ఫ్లోరిడాలో 1983లో వచ్చింది. తర్వాత ఒక్కొక్క రాష్ట్రమే అదే దారి పట్టింది. తమాషా ఏమిటంటే, అకౌంటింగు, బిజినెస్ సబ్జెక్టులు ఇన్ని ఉండాలని గీత గీశాక, మిగిలినవి ఏ సబ్జెక్టయినా ఫర్వాలేదనే రాష్ట్రాలు చాలా ఉన్నాయి. స్పానిష్ భాష నేర్చుకున్నా లెక్కే! అందుకే ఆ కొరత తీర్చడానికి మాస్టర్సే చెయ్యాలని లేదు. కమ్యూనిటీ కాలేజీలని ఉంటాయి. అక్కడ ఫీజు యూనివర్సిటీ కంటే బాగా తక్కువ. సాయంత్రం క్లాసులూ, ఇంట్లో కూర్చుని చదివేవీ ఉంటాయి. అయితే చేరకముందే బోర్డుని అడిగి, "ఈ కోర్సు లెక్కలోకి వస్తుంది" అని రాతపూర్వకంగా తెప్పించుకోవాలి. నోటిమాట చాలదు.

మీ అమ్మాయికి ఇంకో మంచి కబురు. ఒహాయోలో 2025 జనవరిలో కొత్త చట్టం చేశారు. 2026 జనవరి 1 నుంచి అక్కడ డిగ్రీకి తోడు రెండేళ్ళ అనుభవం ఉంటే 150 లేకపోయినా లైసెన్సుకి దారి ఉంది. కానీ ఇందులో రెండు మెలికలు. ఒకటి, మన మూడేళ్ళ బి.కాం.ని అక్కడి డిగ్రీకి సమానంగా ఒప్పుకోవాలి. రెండు, హెచ్-4 మీద చదువుకోవచ్చు గానీ వర్కు పర్మిట్ లేకుండా ఉద్యోగం చెయ్యకూడదు. అల్లుడిగారి గ్రీన్‌కార్డు దరఖాస్తులో ఐ-140 మంజూరయితే ఆ పర్మిట్‌కి పెట్టుకోవచ్చు, 2015 నుంచి ఈ వీలుంది. అది ఇంకా కాలేదంటే రెండేళ్ళ అనుభవం ఎక్కణ్ణుంచి తెస్తుంది? అలాంటప్పుడు ఖాళీగా కూర్చోకుండా క్రెడిట్లు పోగుచేసుకుని, పరీక్ష రాసేసుకోవడమే మేలని నా అభిప్రాయం. పురిటికో, తమ్ముడి పెళ్ళికో ఇక్కడికి వచ్చినా, బోర్డు ఒప్పుకుంటే హైదరాబాదులో కూడా ఆ పరీక్ష రాయొచ్చు.

అన్నిటికంటే ముందు కావలసింది ఆ డిగ్రీని విలువకట్టించడం. ఏ సంస్థ ఇచ్చిన రిపోర్టు చెల్లుతుందో బోర్డే చెబుతుంది. ఎవరో చెప్పారని వేరేచోట డబ్బు కట్టకూడదు. దీనికి యూనివర్సిటీ నుంచి ట్రాన్‌స్క్రిప్టులు కావాలి. సాధారణంగా యూనివర్సిటీవాళ్ళే సీలు వేసిన కవరులో నేరుగా పంపాలంటారు, మన చేతికిచ్చినవి చెల్లవు. ఇక్కడే మీ అవసరం పడుతుంది. పరీక్షల విభాగానికి వెళ్ళి, ఫీజు కట్టి, రసీదు దాచి, కవరు కదిలేదాకా వెంటపడాల్సింది మీరో, అన్నయ్యగారో. మూడేళ్ళ సిలబస్ కాపీ కూడా తీసి ఉంచండి. ఏ సబ్జెక్టు అకౌంటింగో, ఏది కాదో తేల్చడానికి అడగవచ్చు.

పేరు సంగతి మరిచిపోకండి. మార్కుల మెమోలో పుట్టింటి ఇంటిపేరు పొడి అక్షరంగా ఉంటుంది, పాస్‌పోర్టులో అత్తవారి ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది. ఇద్దరూ ఒక్కరేనని తేలక ఫైలు ఆగిపోవచ్చు. మేరేజి సర్టిఫికెట్ కాపీ ఒకటి పంపించండి.

ఆ రిపోర్టు వచ్చాక ఎన్ని క్రెడిట్లు తక్కువో అంకె తెలుస్తుంది. 30 తక్కువైతే పది సబ్జెక్టులు, 60 అయితే ఇరవై. కాలేజీ ఫీజుతో హెచ్చవేసి చూసి, అప్పుడు స్థలం మాట ఎత్తండి.