తాబేలుకు ఏం పెట్టాలి?

పిల్లలూ, తొలకరి వాన కురిసిన మర్నాడు మా వీధి కుర్రవాడొకడు బడిసంచీ గుండెలకు హత్తుకుని మా ఇంటికి వచ్చాడు. సంచీలో పుస్తకాలు లేవు. నల్లని పెంకు మీద పసుపుపచ్చని చారలు నక్షత్రాల్లా విచ్చుకున్న తాబేలు ఉన్నది.

"సార్, ముగ్గురాయి లారీలు పోయే దారిలో ఇప్పుడే దొరికింది. దీన్ని సాక్కుంటా. ఏం పెట్టాల?" అన్నాడు.

మా మంగంపేట ముగ్గురాయి గనులకు పేరుపొందిన ఊరు గదా! లారీ చక్రం కింద పడనివ్వకుండా తెచ్చినందుకు వాణ్ణి మెచ్చుకున్నాను. అయితే ప్రశ్నకు వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే, వాడి వయసులో నేనూ ఇలాంటి నక్షత్ర తాబేలునే సాకాను.

అడవి జీవాలను పట్టి ఉంచుకోరాదని మాకప్పుడు ఎవరూ చెప్పలేదు. దానికి పాలన్నం పెట్టాను. ఎండకు కందిపోతుందని చీకటి మూల గంప కింద దాచాను. తాబేలంటే నీళ్ళలో ఉండేదే గదా అని రాత్రిళ్ళు తొట్టిలో నాలుగు వేళ్ళ లోతు నీళ్ళు పోసి అందులో వదిలేవాణ్ణి! కొన్ని నెలలకు దాని ముక్కులో బుడగలు వచ్చాయి. పెంకును బొటనవేలితో నొక్కితే తోలులాగా అణిగింది. ఒకనాడు అది తల బయటికి చాచలేదు.

నేను చేసినదేమిటో ఉపాధ్యాయ శిక్షణకు పోయి నాలుగు పుస్తకాలు చదివినప్పుడుగాని నాకు తెలియలేదు. తాబేలు పెంకు మన చొక్కాలాంటిది కాదు, విప్పి పెట్టడానికి. అది ఎముక. వెన్నెముకా పక్కటెముకలూ అందులో కలిసిపోయి ఉంటాయి. పైన మాత్రం మన గోళ్ళవంటి పొర ఉంటుంది. ఎముక గట్టిపడాలంటే కాల్షియం కావాలి. కాల్షియం ఒంటబట్టాలంటే డి విటమిను కావాలి. ఆ విటమినును తాబేలు ఎండలో తన చర్మంలోనే తయారు చేసుకుంటుంది. అద్దాల కిటికీలోనుంచి వచ్చే ఎండ అందుకు చాలదు. ఇక దాని తిండి గరిక, చిగుళ్ళు, రాలిన పూలు, పండ్లు. పాలు దాని కడుపుకు పడవు. చెరువు తాబేలుకు వేళ్ళ మధ్య చర్మం ఉంటుంది, అందుచేత ఈదుతుంది. దీని కాళ్ళో, ఏనుగు కాళ్ళలాగా మొద్దుగా ఉంటాయి. ఇది మెట్టజీవి. బావిలో వేస్తే మునిగి చస్తుంది సుమా!

ఇదంతా విని, "తిండి తెలిసింది గదా సార్, ఇంక సాక్కుంటా!" అన్నాడు వాడు. నా పాఠం నాకే అడ్డం తిరిగింది.

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో సవరణ జరిగిందనీ, అందులో నక్షత్ర తాబేలును పులితోపాటు మొదటి పట్టికలో చేర్చారనీ, పట్టి ఉంచుకుంటే జైలుశిక్ష కూడా ఉన్నదనీ చెప్పాను.

"శ్రీకూర్మం గుళ్ళో సాకుతారని మా అవ్వ చెప్పిందే!"

నిజమే. శ్రీకాకుళం జిల్లాలోని ఆ గుడిలో విష్ణువు కూర్మరూపంలో ఉన్నాడు. ఆవరణలో ఈ తాబేళ్ళు ఉంటాయి. అయితే 2025లో అక్కడ కూడా కొన్ని చనిపోయాయి. అంతమంది కళ్ళెదుటే అలా జరిగితే, గంప కింద మాట చెప్పాలా?

"ఒక్కటే గదా సార్," అన్నాడు, ఈసారి మెల్లగా.

ఒక్కొక్కటిగానే పోతున్నాయి మరి. మన దేశంలో ఒకే ఒక వ్యాపార కేంద్రం కోసం ఏడాదిలో కనీసం 55,000 నక్షత్ర తాబేళ్ళను పట్టారని 2015లో వెలువడిన ఒక పరిశోధన తేల్చింది. అందుకే 2019లో దేశాలన్నీ కూడి వీటి అంతర్జాతీయ వ్యాపారాన్ని నిషేధించాయి. ఈ తాబేలు గుడ్లు పెట్టే వయసుకు రావడానికే ఏళ్ళు పడుతుంది.

వాడు చాలాసేపు మాట్లాడలేదు. తాబేలును తిప్పి చూశాను; దెబ్బ ఏదీ లేదు. ఉంటే అటవీశాఖవారికి అప్పగించవలసి వచ్చేది. ఇద్దరమూ సబ్బుతో చేతులు కడుక్కున్నాం. తాబేలు ఒంటిమీద కడుపునొప్పి తెచ్చే సూక్ష్మజీవులుంటాయి.

చల్లపొద్దున దారి దగ్గరికి పోయాం. "నువ్వు పట్టినప్పుడు ఇది ఎటు పోతూ ఉన్నది?" అని అడిగాను. ఇటు తిప్పి వదిలితే మళ్ళీ లారీల మధ్యకే పోతుంది గదా! వాడు కళ్ళు మూసుకుని ఆలోచించి, "గుట్ట దిక్కుకు," అన్నాడు.

దారి దాటించి, పొదల పక్కన గుట్టవైపు తిప్పి పెట్టాం. పావుగంట గడిచినా అది కదలలేదు. రెండు లారీలు పోయాయి. ఆపైన ముందొక కాలు, తరువాత ముక్కు బయటికి వచ్చాయి.

"పోతాంది సార్," అన్నాడు వాడు గుసగుసగా.