విహారంలో విషాదం... ఆ తర్వాత?

మీకో చిన్న పరీక్ష. ఎక్కడో జెయింట్ వీల్ మీంచి ఎవరో పడిపోయారు. మర్నాడు పేపర్లో హెడ్డింగ్ ఏమై ఉంటుంది?

ఆలోచించక్కర్లేదు. మీరే ఠక్కున చెప్పేస్తారు: "విహారంలో విషాదం". సబ్ ఎడిటరు కాస్త హుషారైనవాడైతే "మృత్యుచక్రం". కింద మొదటి వాక్యం కూడా మనందరికీ కంఠతా వచ్చు. సరదాగా గడుపుదామని వెళ్ళిన ఆ కుటుంబంపై విధి చిన్నచూపు చూసింది... అని మొదలవుతుంది.

విధి! మన సినిమాల్లో విలన్లు ఎంతమంది మారిపోయారో చూడండి. మీసాల జమీందారు పోయి స్మగ్లరు వచ్చాడు. స్మగ్లరు పోయి ఫ్యాక్షనిస్టు వచ్చాడు. అతగాడు కూడా పాతబడి సూటూ బూటూ వేసుకున్న కంపెనీ యజమాని వచ్చాడు. పత్రికల్లో మాత్రం ఏళ్ళ తరబడి ఒక్కడే విలన్. ఆయనే విధి. కాల్షీట్లకు ఇబ్బంది లేదు, పారితోషికం అడగడు, పరువునష్టం దావా అసలే వెయ్యడు. అందుకేనేమో అన్ని వేషాలూ ఆయనకే ఇస్తున్నాం!

ఈ వారం తారల సంగతులు కాసేపు పక్కన పెడదాం మిత్రులారా. జెయింట్ వీల్ మీద డ్యూయెట్లు చూసి ఈలలు వేసిన వాళ్ళమే గదా మనం. ఆ వీల్ మీంచి నిజంగా మనిషి పడితే వార్త ఎలా వస్తోందో, ఎంత వరకు వస్తోందో చూద్దాం.

2019 మే నెల. వేసవి సెలవులు. అనంతపురంలో ఎగ్జిబిషన్. తిరుగుతున్న జెయింట్ వీల్ నుంచి ఒక తొట్టి ఊడి పడింది. పదేళ్ళ పాప చనిపోయింది, మరికొందరు గాయపడ్డారు. బోల్టు ఊడిందన్నారు. రాష్ట్రంలో ఎన్నికల ఫలితాలొచ్చిన వేడి ఇంకా చల్లారని రోజులవి. కొత్త ముఖ్యమంత్రి ప్రమాణ స్వీకారానికి ఏర్పాట్లు జరుగుతున్నాయి. పేపర్లలో చోటంతా ఎటు పోయి ఉంటుందో మీరే ఊహించుకోండి.

ఇప్పుడు చెప్పండి. ఆ బోల్టును చివరిసారి బిగించిందెవరు? చూసి సరేనన్నదెవరు? కేసు ఏమైంది? మీలో ఎంతమందికి తెలుసు? సినిమా ఇంటర్వెల్ దాకా వేసి ప్రొజెక్టర్ ఆపేస్తే మనం ఊరుకుంటామా? కుర్చీలు విరగ్గొట్టమూ! ఈ వార్తల విషయంలో మాత్రం సగం బొమ్మ చూసి బుద్ధిగా ఇంటికి వెళ్ళిపోతున్నాం.

అదే ఏడాది జూలై 14న అహ్మదాబాదులో, కాంకరియా చెరువు దగ్గర పార్కులో, లోలకంలా ఊగే పెద్ద ఊయల మధ్యకు విరిగిపోయింది. ఇద్దరు పోయారు, ఇరవై మందికి పైగా గాయపడ్డారు. అది విరిగిపోతున్న క్షణం వీడియోలో పడింది. ఇంకేం, దేశమంతా చూసింది. 2025 జనవరిలో హైదరాబాదు నుమాయిష్‌లో ఒక రైడ్ ఆగిపోయి, ఎక్కినవాళ్ళు దాదాపు 25 నిమిషాలు తలకిందులుగా వేలాడారు. దేవుడి దయవల్ల అందరూ క్షేమంగా దిగారు. ఆ వీడియో తిరగని ఫోన్ లేదు. 2024 జనవరి 18న రామోజీ ఫిలిం సిటీలో విస్టెక్స్ కంపెనీ రజతోత్సవం జరిగింది. సినిమాల్లో హీరో ఎంట్రీలా, కంపెనీ అధినేత సంజయ్ షా ఇనప పంజరంలో నిలబడి పైనుంచి స్టేజీ మీదకు దిగుతుంటే తీగ తెగింది. ఆయన చనిపోయారు. ఆ వీడియో కూడా అందరం చూశాం. ఆ తీగ ఎందుకు తెగిందో, దాన్ని పరీక్షించాల్సింది ఎవరో ఎంతమందిమి చదివాం?

కాబట్టి ఈ వార్తల్లో అసలు హీరో వీడియో. వీడియో ఉంటే సినిమా ఆడుతుంది. లేకపోతే మార్నింగ్ షోకే ఎత్తేస్తారు.

వీడియోను మించిన హీరో ఇంకొకడున్నాడు. మీకు తెలుసు. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్లో 'పుష్ప 2' ప్రీమియర్. తొక్కిసలాటలో ఒక తల్లి చనిపోయింది, ఆమె కొడుకు నెలల తరబడి ఆసుపత్రిలో ఉన్నాడు. 13వ తేదీన అల్లు అర్జున్ అరెస్టు, మర్నాడు ఉదయం విడుదల. వారాల తరబడి అదే వార్త. అభిమానులకు కోపం వచ్చింది, అభిమానులు కానివాళ్ళకు పండగైంది. ఆ గొడవలోకి నేను వెళ్ళను. నేను చూసింది ఒక్కటే. ఆ వారాల్లో ప్రతి చిన్న ప్రశ్నా అడిగారు. పోలీసులకు ముందే చెప్పారా? గేట్లు ఎన్ని? లోపలికి ఎంతమందిని వదిలారు? బెనిఫిట్ షోలు అసలు ఉండాలా? తెలంగాణ ప్రభుత్వం కూడా ఆ షోల మీద ఆంక్షలు ప్రకటించింది.

అంటే ప్రశ్నలు అడగడం మనవాళ్ళకు రాక కాదు. మరి అనంతపురం పాప విషయంలో అవే ప్రశ్నలు అన్ని రోజులు ఎందుకు నడవలేదు? ఆ ఫ్రేములో స్టార్ లేడు. ఉన్నది ఒక పాప, ఒక బోల్టు.

కాదనడానికి లేదు, పత్రికల లోపలి సంగతి నాకు కొంత తెలుసు. మా పుల్లలచెరువు లాంటి చోటి నుంచి రాసుకునే నాబోటి వాడికి ప్రమాదం జరిగిన రాత్రి ఫోన్ వస్తే అడిగేవి మూడే ప్రశ్నలు. ఎంతమంది పోయారు? ఫోటో ఉందా? వీడియో ఉందా? తల్లి ఏడుస్తున్న ఫోటో దొరికితే మరీ మంచిది. చనిపోయిన పిల్ల బడి ఫోటో ఉంటే ఇంకా మంచిది. యంత్రానికి అనుమతి ఉందా అని అడిగిన డెస్కు నాకింతవరకు తగల్లేదు. నేనే ఆ ముక్క రాసి పంపితే, చోటు చాలక చివరి పేరా ఎగిరిపోతుంది. అనుమతుల సంగతి ఎప్పుడూ చివరి పేరాలోనే కదా ఉంటుంది!

మా వైపు వండర్‌లాలు లేవు. మా కుర్రకారుకు వండర్‌లా అంటే తిరునాళ్ళే. శివరాత్రికి త్రిపురాంతకం వెళ్ళామా, కొండ మీద దణ్ణం, కింద జెయింట్ వీల్. ఆ మధ్య తిరునాళ్ళలో వీల్ బిగించే పెద్దాయనతో మాట కలిపాను.

"ఇది ఎట్టా నిలబడుద్ది పెద్దాయనా?" అన్నాను.

"కింద దుంగలు సమంగా పడాల అబ్బయ్యా. నేల మెత్తగుంటే ఒకపక్కకు దిగుద్ది. ఆకులు ఒక్కోటీ కలిపి పిన్నులు కొట్టాల. తొట్టెకో పిన్ను. ఆ పిన్ను జారకుండా చీల. మొదట ఉత్తది తిప్పాల, ఆనక ఇసక బస్తాలేసి తిప్పాల. జనాన్ని ఎక్కించేప్పుడు కూడా ఎదురూ బొదురూ సమంగా ఎక్కించాల."

"ఇదంతా చూసి సంతకం పెట్టడానికి ఇంజనీరు ఎవరన్నా వస్తారా?"

ఆయన నవ్వాడు. "వచ్చినోళ్ళు కాయితాలు చూస్తారు. చీల మీద చెయ్యి పెట్టి చూసేది నేనే."

తర్వాత ఆయనే అన్నాడు: "ఒకమాట అబ్బయ్యా. ఏదన్నా జరిగితే పేపర్లో పడేది నా పేరే. సామాను పాతబడిందని నేను ఎన్నిసార్లు చెప్పానో మీరు రాయరు. మూడు ఊళ్ళ తిరునాళ్ళకు మూడు రోజుల్లో విప్పి బిగించమన్నది ఎవరో కూడా రాయరు."

ఆ మాట అప్పటినుంచీ నన్ను వదల్లేదు. విధి తర్వాత మనకు దొరికే రెండో విలన్ ఆపరేటరు. "ఆపరేటర్ అరెస్ట్" అని వార్త వచ్చిందంటే శుభం కార్డు పడ్డట్టే.

సెకండాఫ్ ఎలా ఉండాలో చూడాలంటే రెండు కథలు చెబుతాను. ఇంగ్లండులో ఆల్టన్ టవర్స్ అనే పార్కు ఉంది. 2015 జూన్ 2న అక్కడ 'స్మైలర్' అనే రోలర్ కోస్టర్ బండి పట్టాల మీద ఆగివున్న ఖాళీ బండిని గుద్దింది. 16 మందికి దెబ్బలు తగిలాయి, ఇద్దరు అమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు. బండి ఆగి ఉందని కంప్యూటరు ఆపితే, అక్కడి ఇంజనీర్లు గమనించక దాన్ని కాదని నడిపించారు. మనదగ్గరైతే వాళ్ళను లోపలేసి కథ ముగించేవాళ్ళం. అక్కడ విచారణ చేసినవాళ్ళు మాత్రం, తప్పు ఆ రోజు పనిచేసిన మనుషులది కాదు, వాళ్ళకు సరైన పద్ధతి ఏర్పాటు చేయని కంపెనీది అని తేల్చారు. 2016 సెప్టెంబరులో కోర్టు కంపెనీకి 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది. ఏడాది తర్వాత కూడా అది వార్తే అయింది.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే ఇంకోటి. 2024 మే 25 శనివారం, గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో గేమింగ్ జోన్‌కు నిప్పంటుకుని 27 మంది చనిపోయారు. పిల్లలూ ఉన్నారు. ఈసారి పత్రికలు విధితో సరిపెట్టలేదు. అగ్నిమాపక శాఖ అనుమతి పత్రం ఏదీ అని అడిగాయి. అది లేదని తేలింది. ఆ వార్తలు చూసి హైకోర్టు మర్నాడు, ఆదివారం నాడే, తనంతట తానుగా కేసు చేపట్టింది. ఒక్క రోజులో! అదీ వార్తకున్న బలం. విధి పేరు రాస్తే ఏ కోర్టూ కదలదు. లేని కాగితం పేరు రాస్తే కదులుతుంది.

"అదంతా పత్రికలవాళ్ళ పని. మేమేం చేస్తాం?" అంటారా? మీరు చాలా చేయగలరు. ఫస్ట్ డే కలెక్షన్లు పైసాతో సహా చెప్పే కుర్రకారు మీరు. హీరో సినిమాకు ఎన్ని థియేటర్లు ఇచ్చారో లెక్క తేల్చందే నిద్రపోరు. అందులో పదోవంతు పట్టుదల ఇక్కడ చూపండి. పిల్ల పడిపోతున్న వీడియో వస్తే ఇంకొకరికి పంపకండి. ఆ తల్లి ఫోన్లోకి కూడా అదే తిరిగి తిరిగి వస్తుంది. దాని బదులు మీరు చదివే పేపరుకు కార్డు ముక్క రాయండి, మెయిల్ కొట్టండి. మూడే ప్రశ్నలు. ఆ యంత్రాన్ని ఆఖరున పరీక్షించిందెవరు? యజమాని ఎవరు? కేసు ఎంతదాకా వచ్చింది? నెలకోసారి అడగండి. పదిమంది అడిగితే డెస్కులో ఎవరో ఒకరు నాబోటివాడికి ఫోన్ చేసి, "ఏమయ్యా, ఆ బోల్టు సంగతి ఏమైంది?" అంటారు. ఆ ఫోన్ కోసమే ఎదురుచూస్తున్నాను.

ఈసారి తిరునాళ్ళకు వెళ్ళినప్పుడు వీల్ ఎక్కొద్దని నేననను. ఎక్కండి, కేకలు పెట్టండి. ఎక్కేముందు మాత్రం ఆ చీల ఉందో లేదో ఒకసారి అడగండి. పెద్దాయన కోప్పడడు. అడిగేవాడు ఒకడైనా వచ్చాడని సంతోషిస్తాడు.

వచ్చేవారం మళ్ళీ తారల ముచ్చట్లతో కలుద్దాం.