పిస్తోలును గుఱిక్లబ్బును

పిస్తోలు కొనగోరిన గృహస్థుడు గుఱిసాధన చేయు క్లబ్బునందు సభ్యుడై యుండవలెనా, అక్కఱలేదా యను వివాదము కెనడాదేశమున చిరకాలముగా నడచుచున్నది. కెనడా పిస్తోళ్లతో మనకేమి పని యని చదువరులు నవ్వవచ్చును. మా యొద్ద పూర్వము చదువుకొని, ఇప్పుడు టొరాంటో నగరసమీపమున కాపురమున్న తెలుగు యువకుడొకడు ఇటీవల మాకొక దీర్ఘమైన యుత్తరము వ్రాసెను. అందలి వాదము అతని యొక్కనిదే కాదు. అక్కడి తుపాకి దుకాణములందును సభలయందును తఱచుగా వినబడునదే. అది పైకి మిక్కిలి న్యాయముగా తోచును. అందుచేతనే దానిని ఖండింప పూనుకొనుచున్నాము.

పూర్వపక్షము ఇట్లున్నది: "గురువుగారూ, ప్రభుత్వము నియమించిన భద్రతాశిక్షణములు రెండును పూర్తిచేసి పరీక్షలలో నెగ్గితిని. నా పూర్వచరిత్రమును శోధించిరి. నన్నెఱిగినవారి సంతకములు తీసికొనిరి. నా భార్యకు సమాచారము తెలిపిరి. మొదటిసారి యగుటచే 28 దినములకు తక్కువ గాకుండ కాచియుండవలసి వచ్చెను. ఇంత జరిగి లైసెన్సు చేతికి వచ్చిన పిమ్మట, పిస్తోలు కావలెనన్న క్లబ్బునకు చందా కట్టి ఆ కాగితము తెమ్మనిరి. అట్టి మాట చట్టమునందు లేదే! ప్రభుత్వము నన్ను నమ్మిన తరువాత, వేడుకకై కూడుకొన్న పదిమంది నన్ను మరల నమ్మవలెనా? నేను తటపటాయించుచుండగనే 2022 వచ్చెను, తలుపే మూసిరి."

ఇందు సత్యాంశము లేకపోలేదు. 1995 నాటి కెనడా తుపాకుల చట్టమునందు 28వ సెక్షను చూడుడు. పిస్తోలు వంటి నియంత్రితాయుధమును కోరువాడు ప్రాణరక్షణకో, వృత్తికో, గుఱిసాధనకో, సేకరణకో దానిని కోరుచున్నట్లు ముఖ్యాధికారికి నమ్మిక కలిగింపవలెను. మొదటి రెండును బహుకొద్దిమందికే లభించును. గుఱిసాధన విషయమున ఆమోదము పొందిన క్లబ్బు, మైదానము అను మాటలు కలవు గాని సభ్యుడే కావలెనను మాట స్పష్టముగా లేదు. కొన్ని రాష్ట్రముల అధికారులు మాత్రము సభ్యత్వపత్రము చూపనిదే కొనుగోలును ఒప్పకుండిరి. చట్టము వ్రాయని దానిని అధికారి అడిగినప్పుడు పౌరునికి కోపము వచ్చుట సహజము. ఈమాత్రము మేమును ఒప్పుకొందుము.

కాని మా శిష్యుడు ఒక ప్రశ్నకు మాఱుగా వేఱొక ప్రశ్నకు జవాబు చెప్పుచున్నాడు. "నీవు నమ్మదగినవాడవా?" యనునది మొదటి ప్రశ్న. శిక్షణము, పరీక్ష, చరిత్రశోధనము, ఎఱిగినవారి సాక్ష్యము, ఇవన్నియు దానికి సమాధానములు. "దీనితో ఏమి చేయుదువు?" అనునది రెండవ ప్రశ్న. దీనికి లైసెన్సు జవాబు కాదు. ఆ దేశమున పిస్తోలును గుళ్లు తీసి, మీటకు తాళమువేసి, తాళముగల పెట్టెలో నుంచి, అనుజ్ఞాపత్రముతో మైదానమునకు కొనిపోవలెను. మరల అట్లే ఇంటికి తేవలెను. పెరటిలో కాల్చరాదు, సొంత పొలమున కాల్చరాదు, వేటకు తీసికొనిపోరాదు. కావున సామాన్యగృహస్థుని పిస్తోలు తిరుగు దారికి ఒక కొస ఇల్లు, రెండవ కొస మైదానము. మైదానమునకు పోనొల్లని వానికి మిగులునది ఇల్లొక్కటియే. ఇంటిలో దానితో ఏమి చేయుదువని యడిగినచో ఏమి చెప్పును? రక్షణకందుమా, ఆ కారణము చట్టము సామాన్యముగా ఒప్పదు. ఊరక యుంచుకొందుననుట గుఱిసాధన కాదు.

సభ్యుడు కాకయే రుసుము చెల్లించి కాల్చు మైదానములు లేవా యని అతడు అడుగవచ్చును. ఉన్నవి. అక్కడ అతని నెఱుగువాడు రుసుము తీసికొను గుమాస్తా.

ఇక నాలుగవదియైన సేకరణ మార్గమును గూర్చి మా శిష్యుడు గడుసుగా వ్రాసెను. క్లబ్బు బెడద లేకుండ సేకర్తనని చెప్పుకొన్న చాలునట. ఇరుగుపొరుగు ఎవ్వరును తన వ్యవహారమున తలదూర్పరట! చట్టమును కడవఱకు చదివినట్లు లేదు. సేకర్తకు ఆ యాయుధముల చారిత్రక, సాంకేతిక, శాస్త్రీయ లక్షణముల జ్ఞానముండవలెను. అంతటితో పోక, తన యాయుధములున్న చోటును అప్పుడప్పుడు తనిఖీ చేయుటకు ముందుగనే సమ్మతింపవలెను. తోటివారి యెదుట నెలకొకసారి నిలుచుటకు సిగ్గుపడి, అధికారిని ఇంటిలోనికే ఆహ్వానించుట ఏపాటి స్వాతంత్ర్యమో మాకు బోధపడకున్నది. నిజమైన సేకర్తలను మేము గౌరవింతుము. పాతపిస్తోలు తయారైన కర్మాగారము, సంవత్సరము, దాని యంత్రవిధానము గడగడ చెప్పగలవారు గలరు. నిన్నమొన్న దుకాణమున చూచి ముచ్చటపడిన వస్తువును కొనుటకై సేకర్త వేషము వేయువాడు వేఱు.

ఇది చందా డాలర్ల తగవు కాదు. 2006 సెప్టెంబరు 13వ తేదీన మాంట్రియల్ నగరమునందలి డాసన్ కళాశాలలో ఒక యువకుడు ప్రవేశించి కాల్పులు జరిపెను. అనస్తాసియా డి సౌసా అను 18 ఏండ్ల విద్యార్థిని మరణించెను, పలువురు గాయపడిరి. అతని తుపాకులు దొంగసొత్తు కావు, చట్టానుసారముగా నమోదైనవే. ప్రభుత్వము అడిగిన కాగితములన్నియు సరిగానే యుండెనన్నమాట. ఆ బాలిక పేరిట ప్రసిద్ధమైన చట్టమును క్విబెక్ రాష్ట్రము 2007లో చేసెను. దానిని మేము శ్రద్ధగా చదివితిమి. బడులయందు తుపాకి యున్నదని అనుమానించుటకు తగిన కారణము కనబడినచో సిబ్బంది పోలీసులకు తెలుపవలెను. గుఱిక్లబ్బువారు తమ సభ్యుని నడవడి అతనికి గాని ఇతరులకు గాని అపాయకరమని తోచినచో మౌనము వహింపరాదు. క్లబ్బును చందాలు పోగుచేయు సంఘముగా గాక, మనుష్యుని గమనించు సంఘముగా ఆ శాసనము చూచినది.

ఇరువది యేండ్లుగా తరగతిగదిలో నిలుచున్న మాకు ఈ భేదము అనుభవమున నెఱుకయే. హాజరుపట్టీలో పేరు ఏడాది పొడుగునను ఒక్కతీరుగనే యుండును. పిల్లవాడు మాత్రము ఒకనాటినుండి చివరిబల్లకు జరుగును, మాట తగ్గించును, చూపు మార్చును. పట్టీ చూచువానికి అది తెలియదు. ముఖము చూచువానికే తెలియును. ఏ యధికారియు వేలకొలది లైసెన్సుదారుల ముఖములు చూడలేడు. క్లబ్బున ప్రక్కవరుసలో నిలుచు తోటివాడు చూడగలడు. అట్లని సభ్యత్వమొక్కటే ప్రాణరక్ష యని మేమనము. చందా కట్టి ముఖము చూపని సభ్యత్వము మఱియొక కాగితము మాత్రమే.

నేరస్థులు క్లబ్బులలో చేరుదురా, వారికి పిస్తోళ్లు అమెరికానుండి దొంగతనముగా వచ్చుచుండగా సాధువులను పీడింపనేల యని వారి కడపటి బాణము. టొరాంటో వంటి నగరములందు నేరములలో పట్టుబడు పిస్తోళ్లలో అధికభాగము సరిహద్దు దాటి వచ్చినవే యనుట నిజము. సరిహద్దును కాయుట ప్రభుత్వధర్మమే. కాని కెనడాలో తుపాకివలన కలుగు మరణములలో హెచ్చుభాగము హత్యలు కావు, ఆత్మహత్యలు. వానిలో పొడవు తుపాకుల పాలే గొప్పదైనను, ఇంటిలోనున్న పిస్తోలు అందులకు తక్కువ అపాయకరము కాదు. సరిహద్దున ఎందఱు కావలి యున్నను, పెట్టె తాళపుచెవి తన జేబులోనే గల దుఃఖితుని వారు ఆపజాలరు. "ఈ నెల రాలేదేమి?" యని అడుగు నలుగురు స్నేహితులుండుట అట్టివానికి ఎంత యవసరమో చెప్పనక్కఱలేదు. ఏకాంతముగా పిస్తోలు నుంచుకొనుట నా హక్కు అనువాడు ఈ నలుగురినే తొలగింపుమని కోరుచున్నాడు.

మా శిష్యునికి ఈ ముచ్చట ఎక్కడినుండి అంటినదో మేమెఱుగుదుము. మన జిల్లాలలో పిస్తోలు లైసెన్సు పెద్దఱికమునకు గుర్తు. ఎన్నికలు వచ్చినప్పుడు దానిని పోలీసుస్టేషనులో అప్పగించి, ఎన్నికలైన పిమ్మట తెచ్చుకొనుట గూడ ఒక గౌరవముగనే చెప్పుకొందురు. అయినను మన 1959 ఆయుధచట్టమున 13వ సెక్షను, గుఱిసాధనకై పాయింటు 22 బోరు రైఫిలు లైసెన్సును గూర్చి చెప్పునప్పుడు, గుర్తింపు పొందిన రైఫిలు క్లబ్బు సభ్యుని పేరెత్తియే చెప్పినది. ఈ యొక్క విషయమున మన శాసనమే స్పష్టతరము. కెనడావారు 1995లోనే సూటిగా ఒక వాక్యము వ్రాసియుండినచో, అధికారి ఇష్టాయిష్టములను గూర్చిన యీ సణుగుడు ఉండెడిది కాదు. మేము కెనడా ప్రభుత్వముపై మోపు నేరము ఇది.

2022 అక్టోబరు 21 మొదలు వ్యక్తులకు పిస్తోళ్ల కొనుగోలు, అమ్మకము, బదిలీ నిలిపివేయబడినవి; 2023 డిసెంబరు 15న ఆమోదము పొందిన శాసనము దానిని స్థిరపఱచినది. ఆయుధము ధరించి తిరుగుటకు అనుమతిగల కొద్దిమందికిని, ఒలింపిక్ తరగతి పిస్తోలు పందెములలో పాల్గొనువారికిని, వారికి శిక్షణ నిచ్చువారికిని మినహాయింపు కలదు. ఈ క్రీడాకారులు తెచ్చి చూపవలసినది తమ క్రీడాసంఘము వ్రాసియిచ్చిన లేఖ. చందా కట్టనొల్లక తగవులాడిన మా శిష్యునికి ఇప్పుడు మిగిలిన యీ సన్నని ద్వారమునందును సంఘమే నిలిచియున్నది.

మాకు భయము గొలుపునది వేఱొకటి. అంతకుముందే నమోదైన పిస్తోళ్లు పదిలక్షలకు పైగా ఇండ్లలోనే యున్నవి. క్రొత్తవారు చేరకపోగా పాతసభ్యులు వృద్ధులగుచుందురు. క్లబ్బుకు రాకపోకలు తగ్గును. 20 లక్షల డాలర్ల బాధ్యతాబీమాను నిలుపుకొనలేక చిన్న క్లబ్బులు మూతపడవచ్చును. పిస్తోళ్లు మాత్రము పెట్టెలలో నుండును, చూచువారుండరు. అయిదేండ్లకొకసారి లైసెన్సును పునరుద్ధరించునప్పుడు ఆయుధమును ఏ ప్రయోజనమునకై తీసికొనెనో దానికే వాడుచున్నాడా యని విచారించు విధి అధికారికి చట్టముననే కలదు. ఆ విచారణలో క్లబ్బునకు వచ్చిన దినముల లెక్కను దేశమంతట తప్పక యడుగవలెను. రాజాలనివానికి పిస్తోలును అప్పగించుటకో, పనికిరాకుండ చేయించుటకో గడువీయవలెను.

మా శిష్యునికి ఈ మాటలే కొంచెము మెత్తగా వ్రాసి పంపితిమి. పిస్తోలు దొరకకున్నను అతని యూరి క్లబ్బులో రైఫిలుతో గుఱి నేర్చుకొనుటకు అడ్డేమియు లేదనియు, చందా యెంతయో కనుగొని తెలుపుమనియు వ్రాసితిమి.