చెరువు నీటి గుణమును ప్రకటింపవలెను

అయ్యా,

మా చిక్కబళ్ళాపురం, బాగేపల్లి, చింతామణి తాలూకాలకు సముద్రము ఎంతో దూరము. అయినను సముద్రమునకు పట్టిన తెగులు మాకొక పాఠము. బొగ్గుపులుసు వాయువు కరగుటచే, పారిశ్రామిక విప్లవమునకు పూర్వము సుమారు 8.2గా నున్న సముద్రపు పి.హెచ్. నేడు 8.1కి దిగినది. భేదము స్వల్పముగా తోచును గాని, ఆమ్లగుణము నూటికి 30 వంతుల వరకు హెచ్చినదన్నమాట. అట్టి నీట చేప తిన్న మేతలో కొంత ఒడలు పెరుగుటకు గాక, రక్తములోని ఆమ్లమును సరిదిద్దుకొనుటకే ఖర్చగును. మేత ఎంత వేసితిమన్నది కాదు, నీరెట్టిదన్నది ముఖ్యము.

మా చెరువులలో కీడు మరొక దారిని వచ్చును. బెంగుళూరు మురుగునీటిని రెండు దశలలో శుద్ధిచేసి కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాల చెరువులకు మళ్ళించుచున్నారు. జీవనది లేని సీమకు నీరు వచ్చుట సంతోషమే. కాని 2018లో కోలారు జిల్లా లక్ష్మీసాగర చెరువున నురుగు లేచిన సంగతి మరువరాదు. శుద్ధిలో మిగిలిన సారముతో నాచు బలిసినచో, మధ్యాహ్నపు ఎండకు పి.హెచ్. 9 దాటవచ్చును. అప్పుడు నీటిలోని అమోనియా విషమై మొప్పలను చెరచును. చేప మేత ముట్టదు. గుత్తకు తీసికొన్న బెస్తవాని పెట్టుబడి నీళ్ళ పాలగును.

కావున మూడవ దశ శుద్ధి జరిపించి, ప్రతి చెరువులోను ఉదయము, మధ్యాహ్నము పి.హెచ్., ప్రాణవాయువు, అమోనియా కొలిచి, ఆ అంకెలను వారమువారము గ్రామపంచాయితీ గోడపై కన్నడ, తెలుగు భాషలలో వ్రాయింపవలెనని అధికారులను కోరుచున్నాను.

ఇట్లు,
ఒక రైతు, చింతామణి