పెద్ద ఫోటో అన్నీ చెబుతుందా?

మా బడిలో ఒక కుర్రవాడు పన్ను నొప్పితో దవాఖానాకు వెళ్లాడు. దవడ మొత్తం ఎక్స్‌రే తీసి "ఏమీ లేదు" అన్నారు. నొప్పి తగ్గలేదు. మరోచోట నోట్లో చిన్న పలక పెట్టి ఎక్స్‌రే తీస్తే, రెండు దంతాల సందున పుచ్చు బయటపడింది!

పెద్ద ఫోటో అబద్ధం చెప్పిందా? లేదు. పనోరమిక్ ఎక్స్‌రేలో కిరణాల గొట్టం, దానికెదురుగా ఉన్న పలక రెండూ తల చుట్టూ తిరుగుతాయి. దవడ వంపు వెంట ఉన్న ఒక పొర మాత్రమే స్పష్టంగా పడుతుంది. బయటికి రాని జ్ఞానదంతం, విరిగిన దవడ, ఎముకలోని తిత్తి చూడటానికి అది చక్కని సాధనం. కాని పక్కపక్క పళ్ల నీడలు ఒకదానిపై ఒకటి పడి చిన్న పుచ్చును దాచేస్తాయి. మెడ ఎముకల నీడ ముందుపళ్లను మసకబారుస్తుంది.

కిరణాల మోతాదు స్వల్పమే; ప్రకృతి నుంచి కొద్ది రోజుల్లో మనకు అందేంత. కనుక భయం వద్దు, అవసరం లేకుండా తీయించుకోవడమూ వద్దు. "ఇందులో దేనికోసం చూస్తారండీ?" అని డాక్టరుగారిని మర్యాదగా అడగండి. ఏం వెతుకుతున్నామో తెలిస్తేనే ఏ పరికరం కావాలో తేలుతుంది. మన ప్రయోగశాలలోనూ అంతే గదా!