ఐపీ పెట్టినవాడు మళ్లీ తన పేరుతోనే కొట్టు తెరవాలి

వ్యాపారంలో చితికిపోయిన మనిషికి ఈ దేశంలో రెండు రకాల న్యాయం నడుస్తోంది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టి నష్టపోతే 2016 నాటి దివాలా స్మృతి ఉంది. గడువులున్నాయి, ట్రిబ్యునల్ ఉంది, విచారణ నడిచినన్నాళ్లూ అప్పులవాళ్లు కంపెనీ మీదికి రాకుండా రక్షణ ఉంది. గుడియాత్తంలో సొంత పేరు మీద లుంగీలు నేయించి అమ్మేవాడికి, కాట్పాడి స్టేషన్ దగ్గర లాడ్జిని లీజుకు తీసుకున్నవాడికి, వేలూరులో అన్నదమ్ములు కలిసి భాగస్వామ్యంలో నడిపే తోళ్ల వ్యాపారానికి ఆ స్మృతి అక్కరకు రాదు. వాళ్లకు మిగిలింది తెల్లవాళ్ల కాలంలో, 1920లో రాసిన ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టం. ఇది అన్యాయం. సరిదిద్దడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. చేసిన చట్టాన్ని కేంద్రం పూర్తిగా అమల్లోకి తెస్తే చాలు.

టి.కె. విశ్వనాథన్ కమిటీ 2015 నవంబరులో నివేదిక ఇచ్చింది. 2016 మే 28న స్మృతికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. అందులో మూడో భాగం మొత్తం వ్యక్తుల గురించి, భాగస్వామ్య సంస్థల గురించే. కంపెనీల భాగం ఆ ఏడాది డిసెంబరుకే అమల్లోకి వచ్చింది. మూడో భాగంలో మాత్రం 2019 డిసెంబరు 1 నుంచి ఒక్క ముక్క అమలు చేశారు: కంపెనీల అప్పులకు వ్యక్తిగత హామీ సంతకం పెట్టినవాళ్లకు సంబంధించినది. బ్యాంకులకు వసూలుకు పనికొచ్చే తలుపు తెరిచి, చితికినవాడు బయటపడే తలుపు మూసే ఉంచారు. ఈ దశలవారీ అమలు చెల్లుతుందని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. చెల్లవచ్చు. కానీ దశలు అన్నాక తర్వాతి దశ ఎప్పుడో ఒకప్పుడు రావాలి కదా.

మన ప్రాంతంలో వ్యాపారాలు ఎలా కూలుతాయో ఢిల్లీలో ఫైళ్లు చూసేవారికి తెలియాలి. లుంగీ వ్యాపారి నూలుకు రొక్కం చెల్లించాలి, నేతగాళ్లకు వారం వారం కూలి ఇవ్వాలి. సరుకు మాత్రం బయటి ఊళ్ల హోల్‌సేల్ వ్యాపారులకు అరువు మీద పోతుంది. చిన్న ఉత్పత్తిదారుకు 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం చెబుతోంది. ఫిర్యాదు చేస్తే ఆ కొనుగోలుదారు మళ్లీ గడప తొక్కడన్న భయంతో చాలామంది ఫిర్యాదు చేయరు. ఆ సందు పూడ్చడానికి చేబదులు, ఆ పైన చిట్టి పాట, ఆ పైన తండల్ అనే రోజువారీ వసూలు అప్పు, చివరికి మీటర్ వడ్డీ. కందు వడ్డీనీ మీటర్ వడ్డీనీ తమిళనాడు 2003లోనే చట్టం చేసి నిషేధించింది. అయినా బ్యాంకు కాదన్నవాడికి సాయంత్రానికల్లా డబ్బు ఇచ్చేది ఇప్పటికీ ఆ వడ్డీవాళ్లే.

2020 మార్చిలో రైళ్లు ఆగినప్పుడు కాట్పాడి ఏమైందో గుర్తుందా? సీఎంసీ ఆసుపత్రికి బెంగాల్ నుంచి, జార్ఖండ్ నుంచి రోగులు దిగే జంక్షన్ ఇది. వాళ్లను నమ్ముకున్న లాడ్జీలు, మెస్సులు, మందుల కొట్లు రాబడి కోల్పోయాయి. వీఐటీ హాస్టళ్లు మూతబడి, విద్యార్థుల మీద బతికే వీధులు చీకటయ్యాయి. రిజర్వ్ బ్యాంకు ఆరు నెలల మారటోరియం ఇచ్చింది, ఆ ఆరు నెలల వడ్డీ మాత్రం మాఫీ కాలేదు. కేంద్రం హామీతో వచ్చిన అత్యవసర రుణం కూడా అప్పే, దాన్నీ తీర్చాలి. ఊపిరి పీల్చుకునేలోపు 2021 నవంబరులో పాలారు, కౌండిన్య నదులకు వరదలొచ్చాయి. ఈ మనుషులు జూదమాడి చెడినవారు కారు. కిరాయి కట్టడానికి, కూలి ఇవ్వడానికి అప్పు చేసి మునిగినవారు.

అలాంటివాడు వకీలు సలహా మీద సబ్ కోర్టులో ఐపీ, అంటే ఇన్సాల్వెన్సీ పిటిషన్, పెడతాడు. అక్కడ ఎదురయ్యే చట్టం ఏ కాలానిదో అందులోని అంకెలే చెబుతాయి. 500 రూపాయల బాకీ తీర్చలేనివాడు ఐపీ దాఖలు చేయవచ్చు. విముక్తి పొందని దివాలాదారు ఆ సంగతి చెప్పకుండా 50 రూపాయలు అరువు తీసుకుంటే ఆరు నెలల వరకు జైలు. మూల చట్టం ప్రకారం, దివాలా తీసిన యజమాని దగ్గర పనిచేసిన గుమాస్తాకో కూలీకో రావలసిన జీతంలో ముందుగా చెల్లించేది మొత్తం 20 రూపాయలు దాటదు. నూరేళ్లు దాటిన ఈ కాగితం మీద ఈనాటి మనిషి బతుకు తేల్చడం న్యాయవ్యవస్థకు గౌరవం కాదు.

అసలు చిక్కు ఇంకోటుంది. ఐపీ మంజూరైతే గండం గడిచిందని చాలామంది అనుకుంటారు. గడవదు. కోర్టు ఒక గడువు పెట్టి, ఆ లోపల డిశ్చార్జ్‌కు, అంటే విముక్తికి, మళ్లీ దరఖాస్తు చేసుకొమ్మంటుంది. ఆ సంగతి తెలియక, లేదా వకీలు ఫీజుకు డబ్బుల్లేక గడువు దాటిస్తే దివాలా ఉత్తర్వే రద్దు కావచ్చు. రక్షణ పోతుంది, అప్పులవాళ్లు మళ్లీ గుమ్మంలోకొస్తారు. దరఖాస్తు చేసినా, అతని ఆస్తి బాకీల్లో రూపాయికి ఎనిమిదణాలకు సరిపోకపోతే, ఆ లోటు తన తప్పు వల్ల రాలేదని అతడే రుజువు చేసుకోవాలి. ఈలోగా, విముక్తి దొరికేదాకా, అతడు కొత్తగా సంపాదించిన ఆస్తి కూడా కోర్టుకో రిసీవరుకో చెందుతుంది. ఒక్క మేలు ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్ జప్తు నుంచి మినహాయించిన వస్తువులు, అందులో చేతివృత్తివారి పనిముట్లు, దివాలాలోనూ పోవు. మగ్గం మీద బతికే కుటుంబాల్లో ఈ రక్షణ గురించి ఎందరికి చెప్పారు?

ఫలితం మన కళ్ల ముందే ఉంది. ఐపీ పెట్టినవాడు మళ్లీ వ్యాపారం చేయడం మానడు, వేరే పని రాదు కనుక. కొట్టు భార్య పేర తెరుస్తాడు, జీఎస్టీ బావమరిది పేర తీసుకుంటాడు, బ్యాంకు ఖాతా కొడుకు పేర ఉంటుంది. గల్లాపెట్టె దగ్గర కూర్చునేది అతడే, కాగితం మీద మాత్రం అతడు లేడు. ఈ బినామీ బతుకును చూపించి, వీడు మోసగాడేనని లోకం తీర్పు చెబుతుంది. అతణ్ణి చాటుకు నెట్టింది చట్టమే. విముక్తికి నిర్దిష్టమైన గడువుంటే మనిషి తన పేరు బోర్డు మీద రాసుకుని వెలుగులో వ్యాపారం చేస్తాడు, పన్ను కడతాడు, కూలీలకు లెక్కగా జీతమిస్తాడు.

నిజమే, ఐపీని అడ్డం పెట్టుకుని ఊరిని ముంచినవాళ్లున్నారు. ఆస్తి ముందే బంధువుల పేర రాసి, చేతులెత్తేసి, ఏడాది తిరిగేసరికి కారు కొన్నవాళ్లను గుంటూరు మిర్చి యార్డు నుంచి వేలూరు మండి దాకా జనం చూశారు. కాట్పాడి పేరు చెబితే 2022లో వెలుగుచూసిన ఐఎఫ్ఎస్ అనే ఆర్థిక సంస్థ డిపాజిట్ల వ్యవహారం ఈనాటికీ గుర్తొస్తుంది. అధిక వడ్డీ ఆశతో వేల కోట్ల రూపాయలు కట్టిన జనం ఆర్థిక నేరాల విభాగం ముందు బారులు తీరారు. పింఛను డబ్బు, కూతురి పెళ్లికి దాచిన డబ్బు పోగొట్టుకున్నవారి కడుపుకోతను ఈ పత్రిక తక్కువ చేయదు. కానీ డిపాజిట్ల మోసానికి 1997 నాటి తమిళనాడు డిపాజిటర్ల పరిరక్షణ చట్టం ఉంది, ఆస్తులు జప్తు చేసే అధికారం ఉంది. దివాలా చట్టమూ మోసగాడిని వదలదు. దివాలాకు ముందు రెండేళ్లలో ఊరికే రాసిచ్చిన ఆస్తిని రద్దు చేయవచ్చు, లెక్కలు దాచినవాడిని జైలుకు పంపవచ్చు. మోసం చేసి తెచ్చుకున్న అప్పు డిశ్చార్జ్‌తో మాసిపోదు. ఈ సెక్షన్లు వాడని అధికారుల అలసత్వానికి నిజాయితీగా నష్టపోయినవాడు ఎందుకు శిక్ష అనుభవించాలి?

అప్పిచ్చినవాడి వైపు నుంచి చూసినా లెక్క ఇదే చెబుతుంది. నూలు అరువిచ్చిన షాపువాడికి, చిట్టి కట్టిన పక్కింటివాడికి బాకీదారు దాక్కుంటే దక్కేదేమీ లేదు. అతడు పనిలో ఉంటేనే, ఖాతా నడిస్తేనే, నాలుగు వాయిదాల్లోనైనా కొంత వస్తుంది. 2016 స్మృతిలో ఇందుకు చక్కని ఏర్పాటు ఉంది: బాకీదారు తిరిగి చెల్లించే ప్రణాళిక ఇస్తాడు, అప్పులవాళ్లు చర్చించి ఓటేస్తారు, ట్రిబ్యునల్ ఆమోదిస్తుంది. అది కుదరకపోతేనే దివాలా. అప్పుడు కూడా ఏడాది గడిస్తే డిశ్చార్జ్‌కు దరఖాస్తు వెళ్లాలి, ఆ దరఖాస్తు వేసే బాధ్యత దివాలా ఆస్తిని చూసే ట్రస్టీదే. ఇంగ్లండులో 2004 నుంచి ఏడాదికే విముక్తి ఇస్తున్నారు. నిజాయితీగల వ్యాపారికి మూడేళ్లు దాటకుండా పూర్తి విముక్తి దక్కాలని ఐరోపా సమాఖ్య 2019లో సభ్యదేశాలను ఆదేశించింది. మనమూ ఏడాది అని రాసుకున్నాం. రాసి బీరువాలో పెట్టాం.

కాబట్టి మూడో భాగాన్ని సొంత పేరుతో, భాగస్వామ్యంలో వ్యాపారం చేసేవారందరికీ వర్తించేలా కేంద్రం నోటిఫై చేయాలి. స్మృతిలోని మొదటి సెక్షనే ప్రభుత్వానికి ఆ అధికారమిచ్చింది, గెజిట్‌లో ఒక ప్రకటన చాలు. దానితోపాటు రెండు లోపాలు సరిదిద్దాలి. నిరుపేద బాకీదారుకు అప్పు మాఫీ చేసే ‘ఫ్రెష్ స్టార్ట్’ పద్ధతికి ఏడాదికి 60,000 రూపాయల ఆదాయం, 20,000 రూపాయల ఆస్తి, 35,000 రూపాయల అప్పు పరిమితులుగా పెట్టారు. ఇవి 2016 నాటి అంకెలు, అప్పటికే చిన్నవి. సొంత ఇల్లు, ఎంత చిన్నదైనా, ఉంటే ఆ దారే మూసుకుపోతుంది. పూరింటికీ మేడకూ తేడా చూడని నిబంధన పేదవాడికి మేలు చేయదు. రెండోది దూరం. ఈ కేసులు వినాల్సింది రుణ వసూళ్ల ట్రిబ్యునల్. తమిళనాడులో అవి చెన్నై, కోయంబత్తూరు, మదురైలలోనే ఉన్నాయి. అప్పుల్లో ఉన్న గుడియాత్తం నేతగాడు వాయిదా వాయిదాకూ చెన్నై రైలెక్కాలా? జిల్లా కోర్టులకు ఆ అధికారం ఇవ్వాలి, లేదంటే ట్రిబ్యునల్ నెలకోసారైనా వేలూరు వచ్చి కూర్చోవాలి.

అంతవరకూ పాత చట్టం కిందనే చేయగలిగింది చాలా ఉంది. ఐపీ ఉత్తర్వు ఇచ్చిన రోజునే డిశ్చార్జ్ గడువు ఏమిటో బాకీదారుకు అతని భాషలో రాసివ్వాలి. మన సరిహద్దులో అది తమిళం కావచ్చు, తెలుగు కావచ్చు. న్యాయసేవాధికార సంస్థ ఆ దరఖాస్తును ఉచితంగా వేయించాలి. మద్రాసు, ఆంధ్రప్రదేశ్ హైకోర్టులు ఈ పిటిషన్లు ఏళ్ల తరబడి నానకుండా కింది కోర్టులకు కాలపరిమితి పెట్టాలి.

బ్యాంకుల తీరు వేరే కథ. అప్పు రాజీలో తీర్చుకున్నవాడికి మళ్లీ రుణమివ్వడానికి వ్యవసాయేతర ఖాతాల్లో కనీసం 12 నెలలు ఆగాలని రిజర్వ్ బ్యాంకు 2023 జూన్ 8న చెప్పింది. కనీసం అన్న మాట బ్యాంకు మేనేజర్ల చేతిలో ఎప్పటికీ అన్నంత సాగుతోంది. సిబిల్ లాంటి సంస్థలు ఖాతా చరిత్రను కనీసం ఏడేళ్లు ఉంచుతాయి. కోర్టు విముక్తి ఇచ్చినట్టు ఆ చరిత్రలో స్పష్టంగా నమోదు చేయాలి, ఆ కారణం చూపి కరెంట్ ఖాతా నిరాకరించకూడదు. అప్పు ఇవ్వకపోతే పోనీ, తన డబ్బు వేసుకోవడానికి ఖాతా అయినా ఇవ్వాలి కదా. చెక్కు కేసుల్లోనూ ఇదే వివక్ష. దివాలా విచారణలో ఉన్న కంపెనీ మీద చెక్ బౌన్స్ విచారణ ఆగిపోతుందని 2021లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఐపీ పెట్టిన చిన్న వ్యాపారికి ఆ నీడ లేదు. ఇక జీఎస్టీ బాకీ: ప్రభుత్వానికి చెల్లించాల్సిన సొమ్ముకు పాత చట్టంలో డిశ్చార్జ్ వర్తించదు. పాత బాకీ తేలేదాకా కొత్త వ్యాపారానికి అడ్డు తగలకుండా, దాన్ని వాయిదాల్లో కట్టించుకునే వీలు అధికారులు చూపాలి.

చట్టం మారినా మనం మారకపోతే సగం పనే అవుతుంది. ఐపీ పెట్టిన ఇంటికి పెళ్లి శుభలేఖ పంపడానికి వెనకాడే బంధువులున్నారు. ఆ ఇంటి ఆడపిల్లకు సంబంధం చెప్పడానికి జంకేవాళ్లున్నారు. ఉరితాడు దాకా వెళ్లిన మనుషులను కుంగదీసేది అప్పు ఒక్కటే కాదు, ఈ వెలి కూడా. గుడియాత్తం, కాట్పాడి, చిత్తూరు, పలమనేరు వ్యాపార సంఘాల పెద్దలకు మా విన్నపం: చేయి చాచి నిలబడ్డ పాత సభ్యుడిని సంఘంలోంచి తీసేయకండి. అరువు ఇవ్వకపోయినా రొక్కానికి నూలు ఇవ్వండి, ఇద్దరు కొనుగోలుదారుల పేర్లు చెప్పండి, అప్పులవాళ్లను ఒకచోట కూర్చోబెట్టి వాయిదాలు మాట్లాడి పెట్టండి.

వేలూరు, చిత్తూరు ఎంపీలు వచ్చే సమావేశాల్లో ఒక్క ప్రశ్న వేయాలి: దివాలా స్మృతి మూడో భాగం చిన్న వ్యాపారులకు ఏ తేదీ నుంచి అమలవుతుంది? జవాబులో తేదీ లేకపోతే మళ్లీ అడగాలి. ఐపీ పెట్టి డిశ్చార్జ్ కోసం ఎదురుచూస్తున్న పాఠకులెవరైనా ఉంటే, కోర్టు పెట్టిన గడువు ఎప్పటితో ముగుస్తుందో ఈరోజే మీ వకీలును అడిగి తెలుసుకోండి. వకీలు లేకపోతే జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థ కార్యాలయానికి వెళ్లండి.