పాత మిలిటరీ లారీలు, మన మేస్త్రీలు

సైన్యము వాడి విడిచిన లారీ యనిన, నది యినుపకొండ, ఎన్నటికిని చెడదని కొందఱి నమ్మకము. చెడినచో మరల బాగుపడదని మఱికొందఱి భయము. ఈ రెంటి నడుమ షెడ్లలోని మేస్త్రీలు ఎండలో నిలువబడి నేర్చుకొన్న విద్య యొకటి కలదు. అది మేస్త్రీ చేతిలో నున్నది. చేయి వణకిన నాడు దానితోనే పోవును.

1939-45 యుద్ధానంతరము ఫోర్డు, షెవర్లే, డాడ్జి, బెడ్‌ఫర్డు లారీలు మన దేశమున విస్తారముగా మిగిలిపోగా, డిస్పోజల్సు శాఖ ద్వారా కొన్నవారు వానిని సరకుల బండ్లుగను బస్సులుగను మార్చుకొనిరి. 1959 మొదలు జర్మనీ దేశపు మాన్ కంపెనీ పద్ధతిని జబల్పూరులో శక్తిమాన్ లారీ తయారయ్యెను. సైన్యమున కాలము తీరినవి వేలముపాటలలో సామాన్యులకు దక్కెను. వీనితో వచ్చిన కైపుస్తకములు ఇంగ్లీషువి. మన వేసవిని మనసున నుంచుకొని వ్రాసినవి కావు.

మన సీమ యెండయు, మన సీమ నీరును ఈ బండ్లకు ప్రత్యేకమైన జబ్బులు తెచ్చును. కుందూనది లోయ సున్నపురాతి నేల. నర్జి, కోవెలకుంట్ల పేర్లు అక్కడి రాళ్లనుబట్టియే భూగర్భశాస్త్రమున కెక్కినవి. ఆ బావుల నీరు కాగినకొలది రేడియేటరు సన్నగొట్టములలో సున్నము పేరుకొనును. నీళ్లు కాచు అండాకు తెల్లని గార పట్టుట యెఱుగని యిల్లాలు లేదు, ఇదియు నదియే. పైనుండి చూడ నీరు నిండుగనే యుండును, కనుమ యెక్కునప్పుడు మాత్రము కుతకుత కాగును. గువ్వలచెరువు కనుమలో పాలకోవాకై బండి నాపితిమను డ్రైవర్లలో సగము మంది రేడియేటరు చల్లార్చుటకే యాపియుందురని మా యనుమానము. ఇంజను ఆపి, ఫంకా యాగిన పిదప, రేడియేటరుపై జాగ్రత్తగా చేయి యాడించినచో పూడినచోటు తక్కినదానికన్న చల్లగా తగులును. చాకలిసోడా నీటితో కొంతసేపు నడిపి, పలుమారులు కడిగి, వాననీరు పోయుట దీనికి మందు. కాగిన యింజనులో చన్నీరు క్రుమ్మరించుట మాత్రము ఇనుప దిమ్మను పగులగొట్టుటయే.

పెట్రోలు బండి మిట్టమధ్యాహ్నము ఆగిపోయి, అరగంటకు తనంతట తానే కదలినచో మనవారు ముందుగా కార్బురేటరు విప్పుదురు. ఇది షెడ్లలో నొక ఆచారమైనది. పాత ఫోర్డు ఎనిమిది సిలిండర్ల యింజనులో పెట్రోలు పంపు ఇంజను నెత్తిన గూర్చుండును. ఆ వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరియై పంపునకు అందదు. తడిగుడ్డ పంపుపై కప్పిన బండి కదలెనా, దోష మక్కడనే. కదలనిచో ప్లగ్గునకు నిప్పురవ్వ వచ్చుచున్నదా యని చూడవలెను; వేడెక్కిన కాయిలు రవ్వ నాపివేసి, చల్లారిన పిమ్మట మరల నిచ్చుట కలదు. రెండు జబ్బులకును లక్షణ మొకటియే, మందు వేఱు. డీజిలు బండి యగు శక్తిమానున ఈ పెట్రోలు బాధ లేదు గాని, గొట్టపు అతుకులలో గాలి చొచ్చిన నదియు నిట్లే మొండికేయును.

ఇక నట్లు. బెడ్‌ఫర్డు ఇంగ్లీషు బండి, షెవర్లే అమెరికా సంతతి, శక్తిమానునకు మిల్లీమీటర్ల కొలత. అర అంగుళపు బోల్టునకు విట్వర్తు పద్ధతిలో అంగుళమునకు 12 చుట్లు, అమెరికా పద్ధతిలో 13. ఒకదాని నట్టు వేఱొకదానిపై రెండు చుట్లు తిరిగి బిగిసినట్లే తోచును. పానాతో బలవంతము చేసిన చుట్లు తెగును. అట్టి నట్టు చక్రమునకో స్టీరింగునకో పడినచో చెప్పవలసినదేమి? ఈ తికమకను యుద్ధమున చవిచూచియే అమెరికా, బ్రిటను, కెనడాలు 1948లో ఒక్క కొలతకు ఒడంబడినవి. బ్రేకునందు తగిన నూనెకు బదులు చేతికందిన ఇంజను ఆయిలు పోయుట ఇంతకన్న ఘోరము. లోపలి రబ్బరు ఉబ్బి పాడగును. నంద్యాల-గిద్దలూరు నల్లమల దారి దిగునప్పుడు గాని ఆ సంగతి తెలియదు.

అమెరికా సైన్యము 1951లో పి.ఎస్. అను మాసపత్రికను స్థాపించి, విల్ ఐస్నరు అను చిత్రకారునిచే బొమ్మలు వేయించి, సిపాయిలకు బండి మరమ్మతు నేర్పెను. చదువు తక్కువ వానికిని బొమ్మ తెలియును గదా! మన మేస్త్రీకి తెనుగున అట్టిది కావలెను. 2023 ఏప్రిల్ 1 నుండి పదునైదేండ్లు దాటిన సర్కారు బండ్లు, సైనికావసరములకై మినహాయించినవి తప్ప, తుక్కునకు పోవలెనని నిబంధన వచ్చినది. పాత యినుము పోవుటకు మేము విచారింపము. లక్షణమునుబట్టి దోషమును కనిపెట్టు నేర్పు దానితో పోరాదు. కర్నూలు, కడప ఐ.టి.ఐ. ఉపాధ్యాయులు వృద్ధమేస్త్రీల యొద్ద గూర్చుండి వారు చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, బొమ్మలతో అచ్చొత్తించి, జిల్లా గ్రంథాలయములకు పంపవలెను. ఖర్చు స్వల్పము. రాబోవు వేసవిలోగా రేడియేటరును, బ్రేకునుగూర్చి నాలుగేసి పుటలు వచ్చినను చాలును. నట్ల పట్టిక ఆ పిమ్మట చూచుకొనవచ్చును.